డ్రమ్మర్ మడతలో పడకుండా: మ్యూజిక్ బ్యాండ్ మీద మ్యాగజైన్ స్ప్రెడ్, తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో కూర్చుని పేజీలు పెట్టడం నా పని. కాలేజీ మ్యాగజైన్లు, సావనీర్లు, ఒకటి రెండు మాసపత్రికలు. ఏటా యాన్యువల్ డేల సీజన్ వచ్చేసరికి అరడజను మంది పిల్లలైనా పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చి "అన్నా, మా బ్యాండ్ మీద రెండు పేజీలు వేస్తున్నాం, ఎలా చేయాలి" అంటారు. వాళ్లు అడిగేవే మళ్లీ అడుగుతారు, నేను చెప్పేదే మళ్లీ చెప్తాను, ఈలోపు టీ చల్లారిపోతుంది. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా. స్ప్రెడ్ అంటే తెలుసుగా, పుస్తకం తెరిస్తే ఎడమా కుడీ కలిపి ఒకేసారి కనపడే రెండు పేజీలు.

ముందు ఏం చేయాలి? ఫోటో ఎంచుకోవాలా, హెడ్డింగ్ రాయించుకోవాలా?

రెండూ తర్వాత. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యకి మడవండి. మడత ఎక్కడ పడిందో చూసి, అక్కడ ఏమీ పెట్టకూడదని పెన్సిల్‌తో ఒక పట్టీ గీసుకోండి.

నేను వేసిన మొదటి బ్యాండ్ స్ప్రెడ్ సంగతి చెప్తా. ఐదుగురు కుర్రాళ్లు, స్టేజీ మీద ఫోటో, అదిరిపోయింది. రెండు పేజీలకీ పరిచేశాను. స్క్రీన్ మీద మడత అంటే ఒక సన్న గీత, దాన్ని ఎవరు పట్టించుకుంటారు. అచ్చయి, గమ్ బైండింగ్ (పేజీలని వెన్ను దగ్గర గమ్ముతో అతికించడం) అయి వచ్చాక తెరిచి చూస్తే నలుగురే ఉన్నారు. ఐదోవాడు డ్రమ్మర్. డ్రమ్స్ ఎప్పుడూ స్టేజీకి నడిమధ్య వెనకపక్క పెడతారు, ఫోటో తీసేవాడు కూడా నడిమధ్యే నిలబడి తీస్తాడు, ఇక ఫోటోకి సరిగ్గా మధ్యలో, అంటే మడతలో, డ్రమ్మర్ కాక ఇంకెవరుంటారు? ఒక చెవి ఎడమ పేజీలో, ఇంకో చెవి కుడి పేజీలో, ముక్కూ కళ్లూ గమ్ము లోపల. మర్నాడు వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. "పుస్తకం గట్టిగా విప్పి చూశానయ్యా, పేజీలు ఊడొచ్చినయ్యి, అయినా మావాడు కనపడలా" అన్నారు. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి నా లెక్క ఇది. గమ్ బైండింగ్ అయితే మడతకి అటో సెంటీమీటర్, ఇటో సెంటీమీటర్ పోయినట్టే. అక్కడ మొహం, అక్షరం, గిటార్ మెడ, చేతివేళ్లు ఏవీ ఉండకూడదు. స్టేజీ పొగ, తెర, స్పీకర్ బాక్సు, ఆకాశం ఉండొచ్చు. హెడ్డింగ్ మడత దాటి అవతలికి పోవాలంటే రెండు మాటల మధ్య ఖాళీ సరిగ్గా అక్కడ పడాలి, ఆ ఖాళీని మామూలు కంటే కొంచెం పెంచాలి కూడా, లేకపోతే బైండింగ్ మింగేశాక రెండు మాటలూ అతుక్కుని ఒకే మాటలా కనపడతాయి.

స్ప్రెడ్ ఏ పేజీల్లో పడితే మంచిది?

పిన్ కొట్టే పుస్తకమైతే నడిమి పేజీలు అడిగి పుచ్చుకోండి. 32 పేజీల పుస్తకంలో 16, 17. అవి రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే అచ్చవుతాయి కాబట్టి ఫోటో మధ్యలో తెగదు, రంగూ మారదు. పిన్నులు పడే చోట మాత్రం ఎవరి మొహమూ లేకుండా చూసుకోండి, ఒకసారి బేస్ గిటారిస్టు నుదుటి మీద పిన్ను దిగింది, బొట్టు పెట్టినట్టు.

మిగతా ఏ జంట పేజీలు తీసుకున్నా ఎడమది ఒక కాగితం మీద, కుడిది ఇంకో కాగితం మీద అచ్చవుతాయి, ఒక్కోసారి ఫారమే (మెషీన్ మీద ఒకేసారి అచ్చయ్యే పేజీల గుంపు) వేరు. ఎడమ ఫారం పొద్దున తిరిగి, కుడి ఫారం సాయంత్రం తిరిగిందనుకోండి, ఒకే మనిషి చొక్కా ఎడమపక్క ఎరుపు, కుడిపక్క కాషాయం. మడత దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందామీదా అవడం కూడా మామూలే. గిటార్ మెడలాంటి ఏటవాలు గీత మడత దాటితే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

సరి అంకె పేజీ ఎప్పుడూ ఎడమ, బేసి అంకె కుడి. చిన్న విషయమే, కానీ "మా స్ప్రెడ్ 15, 16లో" అని చెప్పి వెళ్లినవాళ్లున్నారు. ఆ రెండూ ఒకే కాగితానికి ముందూ వెనకా.

సైజు, బ్లీడ్, రిజల్యూషన్ లెక్కలు చెప్పండి.

ఏ4 పుస్తకమైతే స్ప్రెడ్ 420 బై 297 మిల్లీమీటర్లు. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరించేటప్పుడు తెల్ల అంచు మిగలకుండా బయటికి వదిలే అదనపు బొమ్మ. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన రెండు పేజీలూ నిండే ఫోటోకి సుమారు 4961 బై 3508 పిక్సెళ్లు కావాలి. అంతే.

ఫోటోలన్నీ వాట్సాప్‌లో వచ్చాయి. సరిపోతాయా?

సరిపోవు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది, పెద్ద వైపు 1600 పిక్సెళ్ల దగ్గర తేలుతుంది, అంటే అచ్చులో పదమూడున్నర సెంటీమీటర్లు. ఇన్‌స్టాగ్రామ్ నుంచి తీసిన 1080 పిక్సెళ్ల ఫోటో తొమ్మిది సెంటీమీటర్లు. పాస్‌పోర్ట్ ఫోటో కంటే కాస్త నయం. అదే ఫోటోని వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా డ్రైవ్ లింక్ అడగండి, లేదా ఆ పిల్లాణ్ణి మెమరీ కార్డుతో సహా రమ్మనండి. నేను మూడోదే చేస్తాను. కార్డులో వాళ్లు పంపని ఫోటోలుంటాయి, నాకు కావాల్సింది ఎప్పుడూ వాటిల్లోనే దొరుకుతుంది. అందరూ కెమెరా వంక చూసి నవ్వినదే వాళ్లు ఏరి పంపుతారు, పాట మధ్యలో ఒకరినొకరు చూసుకుని తల ఊపుకున్నది కార్డులోనే వదిలేస్తారు.

స్టేజీ ఫోటోలు స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉన్నాయి, అచ్చులో ఊదారంగు మొద్దుల్లా వచ్చాయి. ఎందుకు?

ఎల్ఈడీ లైట్ల నీలం వల్ల. స్క్రీన్ మీద మెరిసే నీలం స్క్రీన్ వెలుగులోంచి వస్తుంది. అచ్చుకి అంత నీలం లేదు, ఉన్న నాలుగు సిరాల్లో (సయాన్, మజెంటా, పసుపు, నలుపు) సయాన్, మజెంటా కలిపి నీలం తెచ్చుకోవాలి, అది ఎంత చేసినా మసక నీలమో ఊదానో అవుతుంది. అందుకే ఫైల్ చివర్లో సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు సిరాల లెక్కలోకి, మార్చి గుండె బాదుకోకుండా, మొదట్లోనే మార్చి చూసుకోండి. లేదా ఆర్‌జీబీలోనే, అంటే స్క్రీన్ వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలాల లెక్కలోనే, పనిచేస్తూ ఫోటోషాప్‌లో ప్రూఫ్ కలర్స్ ఆన్ చేసి పెట్టుకోండి, అచ్చులో ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపిస్తుంది.

ఆ తర్వాత మూడు దార్లు. తక్కువ నీలం ఉన్న ఫోటో వెతకడం మొదటిది, తెల్ల లైటో పసుపు లైటో పడ్డ క్షణం ప్రోగ్రామ్ మొత్తంలో ఒక్కసారైనా ఉంటుంది. నీలాన్ని కొంచెం సయాన్ వైపు జరిపి, మొహం మీద మాత్రం చర్మం రంగు తిరిగి రప్పించడం రెండోది, దీనికి ఓపిక కావాలి. మూడోది నాకిష్టమైనది: ఫోటోని నలుపు తెలుపు చేసేయడం. అయితే ఒక్క నల్ల సిరాతోనే వేస్తే బూడిద పూసినట్టు పేలవంగా వస్తుంది, నలుపు కింద కొంచెం సయాన్ వేయిస్తే నిండుగా ఉంటుంది. నలుపు తెలుపు చేశాక హెడ్డింగ్‌కి ఒకే ఒక్క రంగు ఇవ్వండి, పేజీ నిలబడుతుంది.

కాగితం సంగతి కూడా అడగండి. ఆర్ట్ పేపర్ (నున్నటి పూత ఉన్న కాగితం) అయితే చీకటి ఫోటో బతుకుతుంది. మ్యాప్‌లితో (పూత లేని మామూలు కాగితం) సిరా పీల్చేస్తుంది, చీకట్లన్నీ ఒకే ముద్ద అయిపోతాయి, నల్ల చొక్కా వేసుకున్న డ్రమ్మర్ మళ్లీ మాయం. మ్యాప్‌లితోకి పంపే ఫోటోని స్క్రీన్ మీద కొంచెం వెలిసినట్టు కనపడేదాకా వెలుగు పెంచి పంపండి.

విడిగా ఫోటోషూట్ చేద్దామనుకుంటున్నాం. విజయవాడలో, గుంటూరులో ఎక్కడ బాగుంటుంది?

స్ప్రెడ్ అడ్డంగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి అడ్డంగా పొడుగ్గా ఉన్న చోటు వెతకండి. నన్నడిగితే ప్రకాశం బ్యారేజీని మించింది లేదు. 1957లో పూర్తయిన కట్టడం, కిలోమీటర్ దాటిన పొడవు, వరసగా ఒకేలా ఉండే స్తంభాలు. బ్యారేజీ మీద నిలబడితే ట్రాఫిక్ తప్ప ఏమీ రాదు, కింద ఘాట్ వైపు నుంచి వెనక్కి బ్యారేజీ వచ్చేలా తీయాలి. ఇందులో ఒక కిటుకుంది, ఒక స్తంభం సరిగ్గా మడత మీద పడేలా ఫోటో కత్తిరిస్తే మడత ఉందనే తెలియదు, చూసేవాళ్లు దాన్ని స్తంభం అంచనుకుంటారు. వేసవిలో పొద్దున ఏడు దాటకముందే అయిపోవాలి, ఎనిమిదింటికి కళ్లు చిట్లించకుండా ఒక్కడూ నిలబడలేడు.

గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లు. సన్న వీధి, రెండు పక్కలా గోడలు, దూరంగా ఒక బిందువు దగ్గర కలిసిపోయే గీతలు. ఆదివారం పొద్దున ఖాళీగా దొరుకుతుంది. వీధి మధ్య ఖాళీని మడతకి వదిలి ముగ్గురిని ఎడమ గోడకి, ఇద్దరిని కుడి గోడకి ఆనించండి. మిర్చి సీజన్లో ఎర్రటి రాశుల ముందు తీస్తే ఎలా ఉంటుందని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అద్భుతంగా ఉంటుంది. సింగర్‌ని మాత్రం సాయంత్రం ప్రోగ్రామ్ ఉన్న రోజు తీసుకెళ్లొద్దు, ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి గొంతు పోతుంది.

ఉండవల్లి గుహలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. ఫోన్‌తో సెల్ఫీ దిగడం వేరు, లైట్లూ స్టాండ్లూ పెట్టి షూట్ చేయడం వేరు, దానికి ముందే అనుమతి తీసుకోవాలి.

ఇంకోమాట, వాయిద్యాలు తీసుకెళ్లండి. చేతులు కట్టుకుని నిలబడ్డ ఐదుగురు కుర్రాళ్లు బ్యాండో క్రికెట్ టీమో ఎవరికి తెలుస్తుంది? డ్రమ్ సెట్ మొత్తం మోయక్కర్లేదు, ఒక స్నేర్ డ్రమ్ము, రెండు కర్రలు చాలు.

సింగర్‌ని పెద్దగా, మిగతావాళ్లని చిన్నగా పెడితే గొడవవుతుందా?

అవుతుంది. అయినా పెట్టండి. ఐదుగురి మొహాలూ ఒకే సైజులో వరసగా పెడితే అది ర్యాంకులొచ్చిన పిల్లల ప్రకటన. పెద్దగా పెట్టేది సింగర్‌నే అయి ఉండాలని మాత్రం ఎవరూ రాయలేదు. కథలో ఎవరి సంగతి ఎక్కువుందో వాళ్లని పెద్దగా పెట్టండి. ఒకసారి కీబోర్డ్ వాయించే అమ్మాయి పాటలన్నీ కట్టేదని ఇంటర్వ్యూలో తేలింది, ఆమె చేతులు కీబోర్డ్ మీద ఉన్న ఫోటో పేజీ నిండా పెట్టాను, మొహం కూడా లేదు. సింగర్ కుర్రాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత వాడే వచ్చి ఆ పేజీకి ఫ్రేమ్ కట్టించుకున్నాడు.

ఫోటోలో వాళ్లు బయటికి చూస్తున్నారు. అద్దంలోలా తిప్పేయొచ్చా?

బ్యాండ్ ఫోటోని ఎప్పుడూ తిప్పొద్దు. తిప్పితే గిటారిస్టు ఎడమచేతి వాటం అవుతాడు, వయొలిన్ కమాను చేయి మారుతుంది, కీబోర్డ్ మీద కంపెనీ పేరు తిరగబడుతుంది. మామూలు పాఠకుడు గమనించకపోవచ్చు, కానీ బ్యాండ్ మీద రాసిన పేజీని బ్యాండ్ వాయించేవాళ్లే ముందు చదువుతారు. ఎడమకి చూస్తున్న మనిషిని కుడి పేజీలో, కుడికి చూస్తున్న మనిషిని ఎడమ పేజీలో పెట్టండి, చూపులు లోపలికి తిరుగుతాయి.

హెడ్డింగ్‌కి ఏ ఫాంట్ వాడాలి? రాక్ బ్యాండ్ ఫీల్ రావాలి.

ఇంగ్లీష్ వాళ్లకి క్యాపిటల్ అక్షరాలున్నాయి, ఇటాలిక్ ఉంది. మనకి రెండూ లేవు. తెలుగు అక్షరాన్ని సాఫ్ట్‌వేర్‌తో పక్కకి వంచితే గుండ్రాలు గుడ్డులయి తాగినవాడిలా ఊగుతుంది. అక్షరాల మధ్య ఖాళీ లాగి స్టైల్ చేద్దామన్నా కుదరదు, గుణింతాలు ఒకచోట, ఒత్తులు ఒకచోట తేలిపోతాయి. మన చేతిలో ఉన్నవి సైజు, మందం, రంగు. వీటితోనే ఆడుకోవాలి.

సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా వదిలిన యూనికోడ్ ఫాంట్లలో హెడ్డింగుకి రామభద్ర బాగా దళసరిగా ఉంటుంది, చిన్న హెడ్డింగు అయితే దాన్నే అమాంతం పెంచి పేజీ మీద పడేసినా తట్టుకుంటుంది. లోపలి మేటర్‌కి మండలి, లేదా నోటో సెరిఫ్ తెలుగు. బాపు గారి చేతిరాత మీద తయారైన అక్షరాలంటే నాకూ ప్రాణమే, కానీ ఆ అక్షరం చూడగానే తెలుగువాడికి శుభలేఖ గుర్తొస్తుంది. మెటల్ బ్యాండ్ కథనానికి వాడితే భోజనాలెన్నింటికని అడుగుతారు.

అన్నిటికన్నా మంచిది చేత్తో రాయించడం. ఊళ్లో బోర్డులు రాసే పెయింటర్లు ఇంకా ఉన్నారు, ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గి కూర్చున్నారు. ఒక తెల్ల కార్డు మీద బ్రష్‌తో నాలుగు రకాలుగా రాయించుకుని స్కాన్ చేసుకోండి. పెయింటర్ గారి పేరు పేజీలో వేయండి, డబ్బులూ ఇవ్వండి.

బ్యాండ్ పేరుకి ఇంగ్లీష్ లోగో ఉంటే దాన్ని ముట్టుకోకుండా చిన్నగా ఒక మూల పెట్టి, హెడ్డింగు తెలుగులోనే ఉంచండి. రెండూ పెద్దవైతే పోట్లాడుకుంటాయి.

పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతున్నాయి. ఫాంట్ పాడైందా?

ఫాంట్ బానే ఉంది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి, ఒత్తులు వాటి చోట్లో కూర్చుంటాయి. ఫోటోషాప్‌లో కూడా టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఉంటుంది.

ఇంకో రకం గోల ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్స్‌లో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టించిన మేటర్ తెచ్చి యూనికోడ్ ఫాంట్‌లో పెడితే ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ కలిసి పిచ్చి రాతలా కనపడుతుంది. కన్వర్టర్లు ఉన్నాయి, పనిచేస్తాయి, కానీ మార్చాక తప్పకుండా మొత్తం చదవాలి. ఏదో ఒకటి రెండు ఒత్తులు జారిపోయి ఉంటాయి, అవి ఖచ్చితంగా ఎవరిదో పేరులో ఉంటాయి.

ఎన్ని కాలమ్స్? ఎంత మేటర్ పడుతుంది?

మూడు కాలమ్స్ అని అందరూ మొదలుపెడతారు. ఏ4 పేజీలో మార్జిన్లు పోను మూడు కాలమ్స్ చేస్తే ఒక్కోటి 55 మిల్లీమీటర్లు, పదిన్నర పాయింట్ల తెలుగులో లైనుకి మూడు నాలుగు మాటలు. మన మాటలు పొడుగు. "ఏర్పాటుచేసుకున్నామంటున్నారు" లాంటిది ఒకటొస్తే లైను సగం పోతుంది. రెండువైపులా సమానంగా సర్దితే మాటల మధ్య గోతులు పడతాయి. రెండు కాలమ్స్ చేస్తే ఒక్కోటి 85 మిల్లీమీటర్లు, హాయిగా ఉంటుంది. మూడే కావాలంటే ఎడమపక్క మాత్రమే సర్ది కుడిపక్క వదిలేయండి.

లైన్ల మధ్య ఖాళీ దగ్గర ఇంగ్లీష్ లెక్క పెట్టుకోవద్దు. పైన గుడులు, కింద ఒత్తులు, పై లైను ఒత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. పదిన్నర పాయింట్లకి పదిహేను, పదహారు పాయింట్ల లీడింగ్ (ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగు దాకా దూరం) ఇస్తాను.

ఎడమ పేజీ మొత్తం ఫోటో, కుడి పేజీలో హెడ్డింగు, మేటర్ అనుకుంటే నాలుగొందల మాటలు పడతాయి. ఎనిమిదొందలు రాసుకొస్తారు పిల్లలు. నేను ఫాంట్ తగ్గించను, కోసుకురమ్మంటాను. "సంగీతం అనగా" అని మొదలయ్యే పేరా ఒకటి తప్పకుండా ఉంటుంది, ముందు అది ఎగిరిపోతుంది. తర్వాత ప్రిన్సిపాల్ గారి ప్రోత్సాహం.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు పెడదామా? బ్యాండ్ అంటే నలుపే కదా.

హెడ్డింగుకి పెట్టండి. మేటర్‌కి వద్దు. నాలుగు రంగుల సిరాతో తెచ్చిన నలుపులో సన్నటి తెల్ల గీత ఉంటే, ఒక ప్లేటు (ఒక్కో సిరాకి ఒక్కో అచ్చు పలక ఉంటుంది) వెంట్రుకవాసి జరిగినా ఆ గీత పూడిపోతుంది. తెలుగులో మొదట పూడిపోయేవి ఒత్తులు, తలకట్లు. తప్పదంటే పన్నెండు పాయింట్లకి తగ్గకుండా, దళసరి ఫాంట్‌తో, ఆర్ట్ పేపర్ మీద మాత్రమే. నల్ల అక్షరాలకి మాత్రం ఎప్పుడూ ఒట్టి నలుపు నూరు శాతం, మిగతా మూడు రంగులూ సున్నా. వర్డ్ నుంచి తెచ్చిన మేటర్ ఆర్‌జీబీ నలుపుతో వచ్చి నాలుగు ప్లేట్లలోనూ కూర్చుంటుంది, అక్షరం చుట్టూ ఎర్ర నీడ వస్తే కారణం అదే.

చదవడం కష్టమైనా పర్లేదు, స్టైల్ ముఖ్యం అంటున్నారు మా ఎడిటర్. నిజమేనా?

దీనికి ఉదాహరణగా అందరూ చెప్పేది అమెరికాలో డేవిడ్ కార్సన్ చేసిన పని. రే గన్ అనే సంగీత పత్రికకి డిజైన్ చేస్తూ 1994లో గాయకుడు బ్రయన్ ఫెర్రీ ఇంటర్వ్యూ బోరుగా ఉందని మొత్తాన్నీ జాప్ డింగ్‌బాట్స్‌లో, అంటే అక్షరాల బదులు నక్షత్రాలూ బాణాలూ ఉండే ఫాంట్‌లో పెట్టేశాడు. ఒక్క ముక్క చదవడానికి లేదు. అదే ఇంటర్వ్యూని చదవగలిగే అక్షరాల్లో సంచిక చివర్లో వేశారన్న సంగతి మాత్రం ఉదాహరణ చెప్పేవాళ్లు మర్చిపోతారు. మీ పుస్తకానికీ వెనక పేజీలు ఖాళీ ఉంటే కానివ్వండి.

పక్కన బాక్సులో ఏం పెట్టాలి? "ఇష్టమైన రంగు, ఇష్టమైన హీరో" పెట్టాం.

తీసేయండి. ఆ బ్యాండ్ ఎక్కడ నిలబడి వాయిస్తోందో చెప్పే బాక్సు పెట్టండి. మన ఊరికి అలాంటివి కావాల్సినన్ని ఉన్నాయి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఇప్పుడు ఘంటసాల గారి పేరుతో ఉన్న ప్రభుత్వ సంగీత కళాశాలకి మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. మీ బ్యాండ్ వయొలిన్ పిల్ల ఆ కాలేజీలో నేర్చుకుందో, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మొదటిసారి స్టేజీ ఎక్కిందో, గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో కరెంటు పోతే మైకు లేకుండా పాడారో అడగండి. అలాంటిది ఒక్కటి దొరికితే బాక్సేంటి, హెడ్డింగే అదవుతుంది.

పెళ్లిళ్ల బ్యాండ్ మేళం మీద చేయాలనుంది. రూల్స్ ఇవేనా?

ఈ ప్రశ్న ఒక్కరే అడిగారు, కానీ నాకు బాగా నచ్చి తరచుగా అడిగేవాటిలో కలిపేశా. చేయండి. గిటార్ బ్యాండ్ల కంటే కంటికి ఇంపైన పేజీ వస్తుంది. జరీ భుజాల యూనిఫాం, ఇత్తడి మీద ట్యూబ్‌లైటు మెరుపు, ముందు నిలబడి నడిపించే క్లారినెట్ మాస్టారు.

ఊరేగింపు మొదలయ్యాక ఫోటోలు రావు, అందరూ అడ్డం. దానికి అరగంట ముందు, పెళ్లివారి కోసం రోడ్డు పక్కన ఎదురుచూస్తూ టీ తాగుతుంటారే, అప్పుడు వెళ్లండి. ట్రంపెట్ చంకలో పెట్టుకుని, టీ గ్లాసు పట్టుకుని, ఒకాయన ఇంకొకాయన కాలరు సర్దుతుంటాడు. పదహారు మంది ఉంటే మడతకి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. నడుమ మనిషి బదులు పెద్ద డ్రమ్మునే నేల మీద పెట్టించి తీశారనుకోండి, మడత దాని తోలు మీద పడుతుంది, ఎవరికీ నష్టం లేదు.

హెడ్డింగు కోసం వెతుక్కోవద్దు, పెద్ద డ్రమ్ము మీద పెయింటర్ రాసిన బ్యాండ్ పేరుంటుంది, నీడ అక్షరాలతో, అంచుకి పువ్వులతో. దాన్నే ఎదురుగా, వంకర లేకుండా ఫోటో తీసి పేజీ మీదకి ఎక్కించండి. దాని కిందే ఫోన్ నంబర్ కూడా ఉంటుంది. చెరిపేయాలా అని మాస్టారిని అడిగితే ఆయన మన వంక జాలిగా చూశారు. "అది చెరిపితే ఇంక పేపర్లో పడి ఏం లాభం బాబూ?"

పాట సాహిత్యం వేయొచ్చా? ఫోటోకి ఎవరినైనా అడగాలా?

వాళ్లు సొంతంగా రాసుకున్న పాటైతే రాసినవాళ్లని అడిగి వేయండి. సినిమా పాటలు వాయించే బ్యాండ్ అయితే పాట పేరు చెప్పండి, సాహిత్యం మొత్తం అచ్చేయొద్దు, రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. త్యాగరాజ కీర్తనని గిటార్‌తో వాయించే ఫ్యూజన్ బ్యాండ్ అయితే చింత లేదు, ఆయన 1847లోనే వెళ్లిపోయారు, పల్లవి పెద్దక్షరాల్లో పెట్టుకోండి.

ఫోటో విషయంలో 1957 కాపీరైట్ చట్టం చెప్పేది మోటుగా ఇది: డబ్బులిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవాళ్లది. స్నేహితుడు సరదాగా తీస్తే తీసినవాడిది. అడగండి, పేరు వేయండి.

క్యూఆర్ కోడ్ పెడితే పాట వినిపించొచ్చు కదా?

పెట్టండి. రెండు సెంటీమీటర్లకి తగ్గొద్దు, తెల్ల నేల మీద నల్లగా, చుట్టూ ఖాళీతో, మడతకి దూరంగా. కాగితం మీద ప్రింట్ తీసి రెండు మూడు ఫోన్లతో చూడండి.

కాన్వాలో చేస్తే తప్పా?

తప్పేం కాదు. 420 బై 297 సైజులో ఒకే పేజీగా చేసి, బ్లీడ్, క్రాప్ మార్కులతో (ఎక్కడ కత్తిరించాలో చూపే గీతలు) ప్రింట్ పీడీఎఫ్ తీయండి. సీఎంవైకే కావాలంటే డబ్బులు కట్టే వెర్షన్ కావాలి. డబ్బులు లేవనుకుంటే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6 ఉచితం, తెలుగు ఒత్తులు కూడా సరిగా చూపిస్తుంది, మొహం మాత్రం కొంచెం పాతకాలపుది.

ప్రెస్‌కి పంపే ముందు ఒక్కటే చెక్ చేయగలిగితే ఏం చేయాలి?

రెండు పేజీలనీ అసలు సైజులో ప్రింట్ తీసి, అంచులు కత్తిరించి, పాత పత్రిక ఒకటి తీసుకుని దాని మధ్యలో నిజంగా అంటించండి. పుస్తకాన్ని చేత్తో పట్టుకుని, బస్సులో చదివినట్టు సగం తెరిచి చూడండి. స్క్రీన్ మీద నెల రోజులు కనపడని తప్పు అక్కడ పది సెకన్లలో కనపడుతుంది.

బ్యాండ్ వాళ్లకి పేజీ ముందే చూపించాలా?

పేజీ మొత్తం చూపిస్తే ఐదుగురూ ఐదు మార్పులు చెప్తారు, పుస్తకం ఎండాకాలం సెలవుల్లో వస్తుంది. నేను ఫోటో కింద వ్యాఖ్య ఒక్కటే చూపిస్తాను. పేర్లు వాళ్ల చేతే తెలుగులో కాగితం మీద రాయించుకుంటాను, ఎడమ నుంచి కుడికి, పక్కన వాయిద్యం పేరుతో సహా, ఎందుకంటే నాలుగు తీగల బేస్ గిటార్ పట్టుకున్నవాణ్ణి లీడ్ గిటారిస్టని ఒకసారి వేశాను. సంతకాలు కూడా పెట్టించుకుంటా. డ్రమ్మర్‌కి మాత్రం అంటించిన డమ్మీ ఇచ్చి తెరవమంటాను, వాడు తెరిచి, బొటనవేలితో మడత నొక్కి, మొహం మొత్తం కనపడుతుందో లేదో చూసుకుని ఇస్తాడు.